సులోచనల సులోచనములు

కళ్లజోడునకు మన దేశభాషలలో గల పేర్లను వరుసగా పెట్టి చూచినచో ఒక వినోదము కనబడును. తమిళ సోదరులు దానిని ముక్కుమీది అద్దమన్నారు. అది ఎక్కడ కూర్చుండునో చెప్పి ఊరకుండిరి. ఈ ఢిల్లీ నగరములో మనము ప్రతిదినము వినుచున్న చష్మా అను మాట, కన్ను అని అర్థమిచ్చు పారసీక పదము నుండి వచ్చినది. మన పెద్దలు మాత్రము సంస్కృతమును ఆశ్రయించి సులోచనములని పేరు పెట్టిరి. సులోచన యనగా అందమైన కన్నులు గల స్త్రీ. మన నాటకములలో ఇంద్రజిత్తు భార్య పేరది. మన ఇండ్లలో ఎందఱో అత్తయ్యల పేరు, పిన్నమ్మల పేరు. చూపు తగ్గినవారు పెట్టుకొను వస్తువునకు ఇంతటి మర్యాద గల పేరు పెట్టిన భాష మఱియొకటి నాకు తెలియదు.

నిఘంటువు చేసిన మర్యాదను వీథి చేయలేదు. జోడు పెట్టుకొన్న ఆడపిల్లను బడిలో సులోచన యని ఎవరు పిలిచిరి? సోడాబుడ్డి అని పిలిచిరి. ఈ రెండు మాటల నడుమ గల దూరమునకు ఏడు శతాబ్దముల చరిత్ర కలదు. దానిని గ్రంథములలో చదువక పూర్వమే మా ఇంటిలో చూచితిని.

1987లో మా అక్కయ్యకు 13 ఏండ్లు. తెనాలిలో చదువుకొనుచుండెను. నల్లబల్ల మీది అక్షరములు కనబడుటలేదని పంతులమ్మగారు కబురు పంపగా, నాన్నగారు ఆమెను గుంటూరు తీసికొనిపోయి కన్నులు పరీక్ష చేయించిరి. ఎనిమిదేండ్లవాడను, నేనును వెంట పోయితిని. వైద్యుని చీటీ పట్టుకొని ఒక కళ్లద్దాల దుకాణమునకు పోతిమి. అచ్చట గాజు బల్ల క్రింద ఫ్రేములు రెండు వరుసలుగా పేర్చియుండెను. దుకాణదారు ఒక వరుసను చూపి "ఇవి జెంట్స్‌వి" అనెను; రెండవదానిని చూపి "ఇవి పిల్లలవి" అనెను. మూడవ వరుస లేదు. నాన్నగారు మొదటి వరుసలోనుండి ముదురు గోధుమరంగు ఫ్రేమును ఒకదానిని తీసి, కాడలను రెండు చేతులతో వంచి చూచి, "ఇది పదేళ్లు పడుంటుంది" అని తృప్తిపడిరి. ఆయన డబ్బుకు వెనుదీయలేదు; ఆ వరుసలో అన్నిటికంటె ఖరీదైనది అదియే. దుకాణదారు మర్యాదకు అద్దమును అక్కయ్య ముందుంచి "బాగుందామ్మా?" అని అడిగెను. ఆమె అద్దములోనికి చూచి తల ఊపెను.

ఆ తల ఊపుటలోని రహస్యము నాకు చాల ఏండ్లకు గాని తెలియలేదు. హ్రస్వదృష్టి గలవారు క్రొత్త ఫ్రేమును ముఖమున పెట్టి చూచుకొనవలెనన్న పాతజోడు తీయవలెను. క్రొత్తదానిలో ఇంకను లెన్సులు ఉండవు. కనుక ఏ ముఖమునకై ఆ వస్తువును కొనుచున్నారో ఆ ముఖమే వారికి కనబడదు. అద్దములో ఒక మసక మచ్చ మాత్రము తోచును. అక్కయ్య ఆనాడు అంగీకరించినది ఆ మచ్చకు. ఎన్నిక చేసినది పక్కనున్నవారు. కళ్లజోళ్ల చరిత్ర, ముఖ్యముగా స్త్రీల కళ్లజోళ్ల చరిత్ర, చాలవరకు ఈ పక్కనున్నవారి చరిత్రయే.

కళ్లజోడు పుట్టినది ఇటలీలో. 1306 ఫిబ్రవరి 23వ తేదీన ఫ్లోరెన్సు నగరములో జోర్డానో ద పీసా అను మతగురువు ధర్మోపన్యాసము చేయుచు, చూపును బాగుచేయు ఈ జోడును చేయు విద్య పుట్టి ఇంకను 20 ఏండ్లు కాలేదనియు, దానిని మొదట కనిపెట్టినవానితో తాను మాటలాడితిననియు చెప్పెను. ఆ కనిపెట్టినవాని పేరు మాత్రము చెప్పలేదు. ప్రపంచములో ఇందఱికి ఉపకారము చేసిన మనుష్యుని పేరు ఈ విధముగా ఒక్క వాక్యము దూరములో తప్పిపోయినది. తరువాతివారు ఒక కల్పిత నామమును తెచ్చి సమాధిఫలకము కూడ చెక్కించిరి గాని పరిశోధకులు దానిని త్రోసిపుచ్చిరి.

ఆనాటి జోడునకు కాడలు లేవు. రెండు గాజుబిళ్లలను రెండు చట్రములలో బిగించి, ఆ చట్రములను ఒక మేకుతో కలిపి, ముక్కుమీద నిలుపుకొనుటయో చేతితో పట్టుకొనుటయో చేయుచుండిరి. దూరపు వస్తువులు కనబడనివారికి దానివలన ప్రయోజనము లేదు. అది చత్వారము వచ్చిన పెద్దవారికి మాత్రమే. పుస్తకము వ్రాయు సన్న్యాసులు, లెక్కలు చూచు వర్తకులు దానికి మొదటి ఆశ్రితులు. క్రమముగా అది విద్యకు గుర్తయ్యెను. 1352లో తొమ్మాసో ద మోదెన అను చిత్రకారుడు ట్రెవీసో పట్టణములో క్రైస్తవ పండితుల చిత్రములను గోడలపై వ్రాయుచు, హ్యూ అను కార్డినలునకు కళ్లజోడు పెట్టెను. ఆ కార్డినలు 1263లోనే, జోడు పుట్టకముందే, గతించెను! పండితుడన్న పిమ్మట జోడు ఉండితీరవలెనని చిత్రకారుడు తలచెను కాబోలు. దూరదృష్టికి పనికివచ్చు లెన్సులు 15వ శతాబ్దములో వచ్చెను. 1462లో మిలాను ప్రభువు ఫ్రాంచెస్కో స్ఫోర్జా ఫ్లోరెన్సులోని తన రాయబారికి జాబు వ్రాసి మూడు డజనుల జోళ్లు తెప్పించుకొనెను: దూరపు చూపునకు ఒక డజను, దగ్గర చూపునకు ఒక డజను, సామాన్యమైనవి ఒక డజను. ఆస్థానములో అడిగినవారి గోల పడలేక తెప్పించితినని ఆ జాబులోని ధోరణి. కాగితముల మధ్య బ్రతుకువారికి ఆ గోల బాగుగ బోధపడును.

మన దేశమునకు వచ్చినది తరువాత. శ్రీకృష్ణదేవరాయల మన్ననలందుకొన్న వ్యాసతీర్థులవారి చరిత్రమును సోమనాథ కవి సంస్కృతమున వ్యాసయోగి చరితమను పేర రచించెను. ఆచార్యులు కళ్లజోడుతో గ్రంథము చదువుచుండిన ప్రస్తావన అందులో కలదు. ఇది సుమారు 1520 నాటి మాట. పుణ్యనగరములోని ప్రాచ్యపరిశోధకుడు పరశురామ కృష్ణ గోడే ఈ ప్రస్తావనను విమర్శించి చూచి, పోర్చుగీసువారి ద్వారా విజయనగరమునకు ఈ వస్తువు చేరియుండునని ఊహించెను. తెలుగుపద్యము వెల్లివిరిసిన ఆ రాజ్యమున, ఆ కాలముననే, కళ్లజోడును ప్రవేశించెనన్నమాట. మొగలు ఆస్థానములో మీర్ సయ్యద్ అలీ అను చిత్రకారుడు వృద్ధుడైన తన తండ్రి మీర్ ముసవ్విరును చిత్రించెను. పండుగడ్డము, కళ్లజోడు, చేతిలో అర్జీ. ఆ చిత్రము ఇప్పుడు ప్యారిస్‌లోని గీమే మ్యూజియములో నున్నది. నాలుగువందల యేండ్లకు పైబడినను మన కచేరీల వరండాలలో ఆ మూర్తి నేటికిని కనబడుచునే యున్నది. మొగలు కాలపు రత్నములను లెన్సులుగా కోసిన రెండు జోళ్లు, ఒకటి వజ్రములతో, ఒకటి మరకతములతో చేసినవి, 2021లో లండనులో వేలమునకు వచ్చెను. అవి చదువుకొనుటకు కావు.

ఇంతవరకు వ్రాసి వెనుకకు చూచుకొనగా ఈ వరుసలో ఒక్క స్త్రీ కూడ రాలేదు. ఆ ఐదు శతాబ్దములలో స్త్రీలకు చత్వారము రాకపోలేదు. సూదిలో దారము ఎక్కించినది వారు. బియ్యములో రాళ్లు ఏరినది వారు. యూరపులో లేసు అల్లినది వారు. కాని జోడు విద్యకు గుర్తుగాను, అధికారమునకు గుర్తుగాను నిలిచినది గనుక చిత్రకారుని కుంచె పురుషుని ముక్కునే వెదకికొని పోయెను.

ఒక చిత్రమైన మినహాయింపు స్పెయిను దేశమునుండి వినబడుచున్నది. డోల్నోయ్ అను ఫ్రెంచి రచయిత్రి 1691లో ప్రకటించిన స్పెయిను యాత్రావృత్తాంతములో, అచ్చటి గొప్పయింటి యువతులు చెవులకు తగిలించుకొన్న పెద్ద పెద్ద జోళ్లు ధరించి కూర్చుందురనియు, వారికి చూపులో లోపమేమియు లేదనియు, గాంభీర్యము కొఱకే ధరించుచున్నామని చెప్పిరనియు వ్రాసెను. ఈ గ్రంథములోని మాటలన్నియు నమ్మదగినవి కావని చరిత్రకారులు శంకించిరి. అతిశయోక్తి తీసివేసినను కొంత మిగులును. స్త్రీ ముఖముపై జోడు గౌరవమును తెచ్చునని ఒక సమాజము అనుకొనగలిగెను. అది అందమును చెఱచుననుట ప్రకృతి నియమము కాదు. ఒకానొక కాలపు అలవాటు.

సుమారు 1730 ప్రాంతమున లండనులో ఎడ్వర్డు స్కార్లెట్ అను కళ్లద్దాల పనివాడు జోడునకు కాడలు బిగించి అమ్మసాగెను. పుట్టిన 440 ఏండ్లకు గాని జోడు చేతులను విడిచిపెట్టలేదు. పురుషులు సంతోషముగా ధరించిరి. సంపన్న స్త్రీలు మాత్రము వెనుకకు తగ్గిరి. వారి కొఱకు పక్కనొక పిడి గల, మడిచి దాచుకొనదగిన లోర్నెట్ అను జోడు వచ్చెను. నాటకశాలలో ఒక్క క్షణము కన్నులకెత్తి చూచి వెంటనే దించివేయవలెను. బంగారు పిడులు, ముత్యపుచిప్ప పిడులు, వెండి గొలుసులు, పనితనమునకు కొదువలేదు. విసనకఱ్ఱ మొదట చిన్న గాజును దాచిన రకములు కూడ ఉండెడివి. వస్తువు ఎంత సొగసైనదో దాని ఉద్దేశము అంత విచారకరము: నేను చూచుచున్నానన్న సంగతి ఇతరులకు తెలియరాదు.

20వ శతాబ్దమునకు వచ్చినను ఈ దాపరికము పోలేదు. అమెరికాలో డొరతీ పార్కర్ అను చమత్కార రచయిత్రి, కళ్లజోడు గల యువతులవైపు పురుషులు తొంగిచూడరన్న అర్థము వచ్చునట్లు రెండు పాదముల పద్యమొకటి వ్రాసెను. ఆమె వేళాకోళమునకు వ్రాయగా జనులు దానిని సామెతగా చేసికొనిరి.

అక్కయ్య ఆ పద్యమును విని యుండదు. వినవలసిన అవసరము లేకపోయెను. ఆ గోధుమరంగు జోడు ఇంటిలో ముఖముమీదను, బడిలో సంచిలోను ఉండెడిది. నల్లబల్ల మీదివి పక్కపిల్ల పుస్తకము చూచి ఎత్తి వ్రాసికొనెడిది. పక్కపిల్ల తప్పు వ్రాసినచో తానును తప్పు వ్రాసెడిది. లెక్కలనిన ప్రాణమిచ్చు పిల్ల ఇంటరులో లెక్కలు వదలుకొని చరిత్ర తీసికొనెను. ఎందుకని నాన్నగారు అడిగినప్పుడు "ఇష్టం లేదు" అనెను. 1996లో పెండ్లిచూపులకు వచ్చినవారు ముందుగదిలో కూర్చున్నప్పుడు, అమ్మ వంటింటిలో నిలిచి, "ఆ అరగంట తీసెయ్యవే తల్లీ" అని ఆమె ముఖమునుండి జోడును తానే తీసి, పప్పుడబ్బాల వెనుక పెట్టెను. వారు వెళ్లిన తరువాత పిన్ని "అబ్బాయి ఎలా ఉన్నాడే?" అని అడుగగా, అక్కయ్య "నీలం చొక్కా వేసుకున్నాడు" అనెను. అందఱు నవ్విరి. నేనును నవ్వితిని. ఆ సంబంధమే కుదిరినది. పెండ్లియైన మూడవనాడు ఆమె పెట్టెలోనుండి జోడు తీసి పెట్టుకొన్నప్పుడు మా బావగారు కొంచెము చిన్నబుచ్చుకొనిరి. జోడును చూచి కాదు, దాచినందుకు.

ఈ దాపరికమును బద్దలుకొట్టిన వ్యక్తి యొకతె ఉన్నది. ఆమె కథ మనవారిలో అంతగా తెలియదు కావున కొంచెము విస్తరించి చెప్పెదను.

ఆల్టీనా స్కినాసీ 1907లో న్యూయార్కులో జన్మించెను. తండ్రి టర్కీ దేశమునుండి వలసవచ్చి సిగరెట్ల వ్యాపారములో గడించిన యూదుడు. ఆమె చిత్రకళ నేర్చుకొని, 1930 తరువాతి సంవత్సరములలో పెద్ద దుకాణముల గాజు కిటికీలను అలంకరించు పనిలో కుదిరెను. ఆ పనిలోనే సాల్వడార్ డాలీ వంటి చిత్రకారులతో ఆమెకు పరిచయము కలిగెను. వీథిలోని గాజు కిటికీలను పరీక్షగా చూచుట ఆమె వృత్తిధర్మము. ఒకనాడు ఒక కళ్లద్దాల దుకాణము ముందు నిలిచి చూచెను. అన్నియు ఒక్కతీరున నీరసముగా నున్నవి. స్త్రీ ఎవతెయైనను ఇష్టపడి కొనదగినది వాటిలో ఒక్కటియు కనబడలేదు. గుంటూరు దుకాణములోని ఆ రెండు వరుసలు నాకు జ్ఞప్తికి వచ్చునది ఇచ్చటనే.

స్త్రీ ముఖమునకు శోభనిచ్చునది ఏమని ఆమె ఆలోచించినప్పుడు, వెనిసు నగరపు ఉత్సవములలో ధరించు హార్లెక్విన్ ముసుగులు తలపునకు వచ్చెను. అంచులు పైకి లేచి, కనుబొమ్మల విల్లును అనుసరించి పోవు ఆకారము. కాగితము కత్తిరించి తన ముఖము మీదనే పెట్టి చూచుకొనెను. ఆ నమూనాలతో పెద్ద తయారీదారుల కడకు పోగా వారు ఇవి మరీ విపరీతములని త్రిప్పి పంపిరి. కడకు మాడిసన్ అవెన్యూలోని లూజీన్ అను కళ్లద్దాల దుకాణము యజమాని, ఆఱు నెలలపాటు తనకు తప్ప అన్యులకు ఇవ్వరాదన్న షరతుపై ఒప్పుకొనెను. మొదటి జోడు కొన్నది నాటకరచయిత్రి క్లేర్ బూత్ లూస్ అని చెప్పుదురు. 1939లో లార్డ్ అండ్ టేలర్ సంస్థ ఆల్టీనాకు తన అమెరికన్ డిజైన్ పురస్కారమునిచ్చెను. నేడు పిల్లికన్ను ఆకారమని వ్యవహరించు ఫ్రేములన్నియు ఆ కాగితపు ముక్క సంతానము. 1960 ప్రాంతపు మన తెలుగు కుటుంబముల ఫోటోలు తిరగవేసిన వారికి, లెక్చరరమ్మగారి ముఖమున, లేడీ డాక్టరుగారి ముఖమున ఆ పైకి లేచిన కొనలు కనబడకపోవు.

ఆ ఆకారములో నాటకీయత కొంత ఎక్కువ పాలు ఉన్నదని నా అభిప్రాయము. అందఱి ముఖములకు నప్పదు. అయినను ఆమె చేసిన పని ఆకారముతో ముగియలేదు. పనివాడు లెన్సునకు ఆధారముగా చట్రమును చేయుచుండగా, ఆమె ముఖమును ముందుంచుకొని దానికి అనువుగా చట్రమును కోసెను. పైగా తన ముఖమే. అప్పటిదాక పక్కనున్నవారు ఎన్నిక చేసిన వస్తువును అద్దమునకు ఎదురుగా నున్న మనిషి ఎన్నిక చేసెను. ఆమె తరువాత శిల్పములు చేసెను. జార్జి గ్రోస్ అను చిత్రకారునిపై 1960లో నిర్మించిన చిన్న చిత్రము ఆస్కారు పోటీవరకు పోయెను. 1999లో గతించెను.

1953లో వచ్చిన హాలీవుడ్ చిత్రమొకటి, లక్షాధికారులను పెండ్లాడగోరు ముగ్గురు యువతుల కథ, ఈ మార్పునకు సాక్ష్యము. అందులో మెరిలిన్ మన్రో ధరించిన పాత్రకు చూపు ఆనదు. పురుషుల యెదుట జోడు పెట్టుకొనదు. గోడలకు కొట్టుకొనును, పుస్తకమును తలక్రిందులుగా పట్టుకొనును. విమానములో పక్క సీటువాడు పెట్టుకొని చూడమని కోరి, జోడుతోనే బాగున్నావనును. ప్రేక్షకులు నవ్వుకొనిరి. నేను ఆ చిత్రమును చూచినప్పుడు నీలం చొక్కా జ్ఞప్తికి వచ్చి నవ్వలేకపోయితిని.

ప్రభుత్వములు ఈ విషయములో ఎట్లు నడచినవన్నది ఉద్యోగివర్గమునకు చెందిన మనకు ఆసక్తికరము. బ్రిటనులో 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమై కళ్లజోళ్లు ఉచితముగా ఇచ్చుటకు పూనుకొనెను. జనులు వెల్లువగా వచ్చిరి. 1951 నాటికి కొంత రుసుము విధింపవలసివచ్చెను. ఫ్రేముల రకములు మాత్రము కొద్ది. అవసరమునకు ఖజానా బాధ్యత కలదు, అలంకారమునకు లేదు అని వారి వాదము. ఫైలుమీద ఈ వాదము చక్కగ నిలుచును. నేనైనను అట్లే నోటు పెట్టియుందునేమో. కాని స్త్రీలు ఎందఱో లెన్సులను మాత్రము ప్రభుత్వము నుండి పుచ్చుకొని, ఫ్రేములను స్వంత సొమ్ముతో వేఱుగా కొనుక్కొనిరి. 1980 దశకము నడుమ ఆ ప్రభుత్వ ఫ్రేముల పద్ధతియే అంతరించెను.

ఇక వస్తువు సంగతి. సెల్యులాయిడ్ ఫ్రేములకు నిప్పు భయముండెడిది. దాని స్థానమును ఆక్రమించిన సెల్యులోజ్ అసిటేట్ రంగులను చక్కగ పట్టుకొనును. సముద్రపు తాబేటి చిప్పతో చేసిన ఫ్రేములు ఒకప్పుడు గొప్పవారి గుర్తు. 1970 దశకములో అంతర్జాతీయ ఒడంబడికచే ఆ వర్తకము నిషేధింపబడుటతో ఆ మచ్చల సొగసును అసిటేటులోనే చూచుకొనుచున్నాము. 1947లో ప్లాస్టిక్ లెన్సులు వచ్చుటతో గాజు బరువు తప్పి పెద్ద ఫ్రేములకు దారి యేర్పడెను.

దుకాణమునకు పోవు సోదరీమణులకు ఇచ్చట కొంత చెప్పవలసియున్నది. హ్రస్వదృష్టి లెన్సు నడుమ పలుచనై అంచున మందముగా నుండును. దాని వెనుక కన్ను చిన్నదిగా కనబడును. కావున పవరు ఎక్కువైనవారు పెద్ద ఫ్రేము కోరుకొన్నచో ఆ మందపు అంచే మిగులును. సోడాబుడ్డి అను నింద పుట్టినది ఆ అంచునుండియే. చిన్న ఫ్రేములో కనుపాప నడుమకు వచ్చునట్లు చూచుకొన్నచో సగము చిక్కు తీరును. చత్వారపు లెన్సు ఇందుకు విరుద్ధము. అది కన్నును పెద్దది చేయును. కాడ లోపలివైపున 52, ఒక చిన్న చతురస్రము, 18, ఆ తరువాత 140 వంటి అంకెలు అచ్చై యుండును. మొదటిది లెన్సు వెడల్పు, రెండవది ముక్కుమీది వంతెన, మూడవది కాడ పొడవు, అన్నియు మిల్లీమీటర్లలో. వెనుకటి జోడు సరిపోయినచో ఈ అంకెలను వ్రాసికొని పోవుట మంచిది. అమ్మువాని మెచ్చుకోలు కంటె అవి నమ్మదగినవి.

ఈ కొలతలు పాశ్చాత్యుల ముఖములను ఎదుట పెట్టుకొని పుట్టినవి. మన స్త్రీకి ముక్కుపుడక యున్నది; ముక్కు దిమ్మెలు దానిని రాచుకొనును. చెవికి మాటీలున్నవి, కాడకొన వాటిలో చిక్కుకొనును. జడలో పూలున్నవి. బొట్టునకును వంతెనకును నడుమ చోటు కావలెను. న్యూయార్కులో ముసుగును కత్తిరించిన ఆ వనిత వీటిని ఎఱుగదు. మన స్త్రీలు పండుగనాడు జోడు తీసివేయుటకు సిగ్గుతోపాటు ఇదియు ఒక కారణమని నా భార్య చెప్పిన పిమ్మట గాని నాకు తోచలేదు.

అలంకారమును గూర్చి ఇంత వ్రాయుట అవసరమా యని అడుగువారు ఉందురు. వారి కొఱకు రెండు లెక్కలు. అస్సాము తేయాకు తోటలలో 40 ఏండ్లు దాటి చత్వారము వచ్చిన 751 మంది పనివారిని తీసికొని, కొందఱికి దగ్గర చూపు జోళ్లు ముందే ఇచ్చి, కొందఱికి తరువాత ఇచ్చి పరిశోధకులు పోల్చి చూచిరి. జోడు గలవారు కోసిన ఆకు సుమారు 21.7 శాతము ఎక్కువగా పెరిగెనని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రకటించెను. తేయాకు కోయువారిలో స్త్రీలే ఎక్కువని మనకు తెలియును. బంగ్లాదేశములో జరిగిన ఇట్టి పరిశోధన 2024లో వెలువడెను; జోళ్లు అందుకొన్నవారి సంపాదన 33.4 శాతము పెరిగెనని తేలెను. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరులో ప్రారంభమైన కంటి వెలుగు పథకములు గ్రామములకు పోయి కన్నులు పరీక్షించి జోళ్లు ఇచ్చినవి. ఆ జోళ్లు అందుకొన్నవారిలో మా మేనత్త ఒకతె. ఆమె దానిని గూటిలో దేవుని పటము పక్కన భద్రముగా పెట్టుకొన్నది. "పెట్టుకోవేమత్తా?" అని అడిగితిని. "మీ మామయ్య జోడులా ఉందిరా" అని చెప్పెను.

గత శీతకాలములో అక్కయ్య ఢిల్లీకి వచ్చినది. నాకును చత్వారము వచ్చి ఫైళ్లను చేరువనుంచి దూరముగా జరుపుకొనుచున్న రోజులవి. కన్నాట్ ప్లేసులో జోడు కొనుటకు పోవుచు ఆమెను రమ్మంటిని. నా పని పది నిమిషములలో అయినది. ఆమెకు ఇప్పుడు దూరమునకు వేఱు, దగ్గఱకు వేఱు పవరు. రెండును ఒకే లెన్సులో గీత లేకుండ ఇమిడ్చిన రకము కావలెను. అట్టిది ఫ్రాన్సులో 1959లో మొదట అమ్మకమునకు వచ్చినది. లెన్సు సంగతి వెంటనే తేలినది. ఫ్రేము సంగతి తేలుటకు రెండు గంటలు పట్టెను.

గోడ నిండ ఫ్రేములు. దుకాణములోని కుఱ్ఱవాడు అద్దము తెచ్చి పెట్టెను. ఆమె దానిని పక్కకు నెట్టి, తన ఫోను నా చేతికిచ్చి, "ఒక్కొక్కటీ పెట్టుకుంటా, ఫోటోలు తియ్యరా. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి" అనెను. ప్రతి ఫ్రేమునకు పాతజోడు తీయుట, క్రొత్తది పెట్టుట, నేను ఫోటో తీయుట, మరల పాతజోడు పెట్టుకొని ఆ ఫోటోను ముక్కు దగ్గఱ పెట్టుకొని చూచుట. మాటీలు ఒకమాఱు తీసి, ఒకమాఱు పెట్టి చూచుకొనెను. కుఱ్ఱవాడు ముదురు గోధుమరంగు ఫ్రేమును ఒకదానిని తెచ్చి, ఇది చాల గట్టిది, ఏండ్ల తరబడి చెక్కుచెదరదని హిందీలో సిఫారసు చేసెను. ఆమె దానిని వంచి చూచినది.

"గట్టిదేరా" అనెను. "వద్దను."

కడకు ఎఱ్ఱమందార వర్ణము గలదానిని, కొనలు కొద్దిగా మాత్రము పైకి లేచినదానిని ఏరుకొనెను. నాకు నచ్చినది వేఱొకటి, నన్ను అడుగలేదు. జోడు నాలుగు రోజులలో ఇచ్చెదమని చీటీ వ్రాసి ఇచ్చిరి. తిరిగి వచ్చునపుడు మెట్రోలో కూర్చుండ చోటు దొరకినది. ఆమె పాతజోడుతోనే, ఫోనులోని ఆ ఫోటోను రెండు వ్రేళ్లతో పెద్దది చేసికొని చూచుచు కూర్చుండెను. మా స్టేషను వచ్చినదని రెండుమాఱులు పిలువవలసి వచ్చెను.